తూర్పు ముఖం, ముప్పై ఏళ్ళ అప్పు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా ఊళ్ళలో వెంచర్లు వేసే బిల్డర్ల ఆఫీసుల్లో వాస్తు పరిజ్ఞానం ఈమధ్య బాగా పెరిగింది. తెలుగు జంట కారు దిగుతుండగానే సేల్స్ ఆయన ప్లాన్ తెరిచి తూర్పు ముఖం లాట్లు చూపించేస్తాడు. వాటి మీద ‘లాట్ ప్రీమియం’ పేరుతో కొన్ని వేల డాలర్లు అదనంగా ఉంటే ఆ ముక్క చివర్లో చెబుతాడు. మయమతం, మానసారం ఆయన చదవలేదు. చదవనక్కర్లేదు కూడా. కొనేవాళ్ళూ చదవలేదు.

వీధికి రెండు వైపులుంటాయన్నది శాస్త్రాలకు అందని విషయమేమీ కాదు. ఒక వరస ఇళ్ళు తూర్పు చూస్తే ఎదుటి వరస పడమర చూడక తప్పదు. ఆ ఎదుటి వరసలో దిక్కుల సంగతే తెలియని కుటుంబాలు ప్రీమియం కట్టకుండా అదే ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అదే బడికి పంపుతూ, ఆదివారం మాంసం కాల్చుకుంటూ నిక్షేపంగా బతుకుతుంటాయి. వాళ్ళ బతుకులు ఇంకా ఎందుకు కూలిపోలేదో ఏ సిద్ధాంతీ వివరించడు.

లాట్ దొరికాక ఫ్లోర్ ప్లాన్ వాట్సాప్‌లో విజయవాడకో వరంగల్‌కో ప్రయాణం కడుతుంది. అక్కణ్ణుంచి ఎర్ర గీతలతో తిరిగొస్తుంది. పొయ్యి ఆగ్నేయంలో లేదు, పెద్ద పడకగది నైరుతిలో లేదు, పైగా ఈశాన్యంలో హాఫ్ బాత్. “హాఫ్ బాత్ అంటే అందులో స్నానం ఉండదండీ గురువుగారూ” అని ఇంటాయన నచ్చజెప్పబోతాడు. “మరేముంటుంది నాయనా?” ఉండే రెండో వస్తువేమిటో చెప్పేసరికి గురువుగారికి ప్లాన్ మీద ఉన్న ఆ కాస్త ఆశ కూడా పోతుంది. ఈలోగా గుంటూరు నుంచి తండ్రి ఫోను: “ఒరేయ్, వీధిపోటు ఉందేమో చూశావా?” చూశాడు. మరి అయిదారు ఇళ్ళ కోసం వేసి, చివర గుండ్రంగా మూసేసిన సందు వీధిపోటు కిందికి వస్తుందా రాదా? దీని మీద ఇద్దరు సిద్ధాంతులు మూడు రకాలుగా చెప్పారు.

అసలు తూర్పు ముఖానికి మన ఊళ్ళలో ఒక అర్థం ఉండేది. మన జీవితమంతా ఇంటి ముందు భాగంలో గడిచేది. అరుగు, వసారా, ముగ్గు, మంచం, వచ్చేపోయే వాళ్ళు. గుమ్మం తూర్పుకుంటే పొద్దున్నే వెలుగొస్తుంది, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ అరుగు మీద పడుతుంది. సాయంత్రం అక్కడ కూర్చోవచ్చు. ఎండ తెలిసిన వాళ్ళు చేసిన ఏర్పాటది.

అమెరికా ఇల్లు దీనికి తలకిందులు. ముందు భాగం కార్లది. అక్కడ గ్యారేజీ తలుపు తప్ప మనుషులు కనిపించరు. హాలు, వంటిల్లు, నిలువెత్తు కిటికీలు, పాటియో, పిల్లలు ఆడుకునే పెరడు, అన్నీ వెనకే. ఇంటి ముఖం తూర్పుకి తిప్పారంటే ఆ బతుకంతా పడమరకి తిప్పినట్టే. జులైలో టెక్సస్ సాయంత్రం అయిదు గంటలకి ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండ నేరుగా కిటికీల్లోంచి సోఫా మీద వాలుతుంది. ఏసీ మొరాయిస్తుంది, తెరలు రోజంతా మూసే ఉంటాయి, పెరట్లోకి అడుగుపెట్టాలంటే రాత్రి కావాలి. ఎదుటి వరసలోని పడమటి ముఖం ఇంటివాడు మాత్రం సాయంత్రం తన పాటియో నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. మన పూర్వులు అరుగు మీద అనుభవించిన సుఖం అచ్చంగా అదే. దాన్ని వదులుకోవడానికి మనవాడు ప్రీమియం కట్టాడు.

దిక్కు చూసే పద్ధతి మరీ ముచ్చట. ఫోన్‌లో దిక్సూచి తెరిచి గుమ్మంలో నిలబడతారు. సియాటిల్ ప్రాంతంలో అయస్కాంత సూది అసలు ఉత్తరం నుంచి సుమారు 15 డిగ్రీలు తూర్పుకి జరిగి ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ తేడా పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. ఎనిమిది దిక్కుల లెక్కలో ఒక్కో దిక్కు వాటా 45 డిగ్రీలు, అంటే అందులో మూడో వంతు తేడా. ఫోన్‌లో ఒక సెట్టింగు మారిస్తే ఈశాన్యంలోని దేవుడి గది కొంత ఉత్తరంలోకి జారుకుంటుంది. మెల్‌బోర్న్ వెళ్ళిన వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. దక్షిణార్ధగోళంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. చలికాలం వెచ్చగా ఉండాలని అక్కడి వాళ్ళు ఉత్తరపు వెలుగు వచ్చే హాలు కోసం వెతుక్కుంటారు. మనవాళ్ళు భూగోళం సగం దాటినా చేతిలో కాగితం మార్చరు.

ఫలితాలు చూడండి అనేవాళ్ళుంటారు. చూద్దాం. హైదరాబాద్ సచివాలయానికి వాస్తు బాగాలేదని 2015లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బాహాటంగానే అన్నారు. 2020లో పాతది పడగొట్టారు. వాస్తు చూసి కట్టిన కొత్త భవనాన్ని 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తర్వాత అందులో కొలువుదీరింది కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి. వాస్తు పనిచేయలేదని అనలేం, చిరునామా తప్పిందంతే.

ఇన్ని చూసుకున్న కుటుంబం చూడనివి కొన్నుంటాయి. ఉత్తర టెక్సస్‌లో చాలా చోట్ల ఉన్నది నల్లరేగడి లాంటి బంకమన్ను. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, పైనున్న కాంక్రీటు పునాదిని పగలగొడుతుంది. అందుకే అక్కడి పాతకాపులు వేసవిలో ఇంటి చుట్టూ పైపులు పరిచి పునాదికి నీళ్ళు పెడతారు. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉందా అని కొలిచే మనిషి, నీళ్ళు ఇంటి గోడల నుంచి నాలుగు వైపులా బయటికే పారేలా నేల వాలు ఉందా అని అడగడు. అడగాల్సింది అదే. ఇక ఆస్తిపన్ను. కొత్త వెంచర్లలో మున్సిపల్, స్కూలు పన్నుల మీద నీళ్ళ డిస్ట్రిక్టు పన్ను కూడా తోడైతే మొత్తం రెండు శాతం దాటడం మామూలే. 6 లక్షల డాలర్ల ఇంటికి ఏటా 12 వేల పైమాట. అది కుబేరస్థానంలో బీరువా పెడితే తగ్గదు.

2017 ఆగస్టు చివర్లో హార్వీ తుఫాను హ్యూస్టన్ మీద కురిసినప్పుడు ఆడిక్స్, బార్కర్ అనే రెండు వరద జలాశయాల ఎగువన వేల ఇళ్ళు మునిగాయి. 1940ల్లో కట్టిన ఆ జలాశయాలు మామూలు రోజుల్లో ఎండిపోయి పార్కుల్లా ఉంటాయి. పూర్తిగా నిండితే నీళ్ళు ఎంతవరకూ వస్తాయో ఆ భూమంతా ప్రభుత్వం కొనలేదు, కొనని చోట వెంచర్లు లేచాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని ప్లాట్ల పత్రాల మీద నీళ్ళు రావచ్చని రాసి కూడా ఉంది. ఈశాన్యంలో నీరుంటే ఐశ్వర్యమంటారు. ఆ వారం అక్కడ ఎనిమిది దిక్కుల్లోనూ నీరే.

వీటన్నిటికీ పైన వీసా. ఇంటి అప్పు 30 ఏళ్ళు. హెచ్-1బీ మామూలుగా ఆరేళ్ళు, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు ఎక్కితే ఆపైన పొడిగింపులు. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల కోటా కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు కాబట్టి భారతీయుల క్యూ కదలదు. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి గడువు 60 రోజులు. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేసినప్పుడు ఎవరి గుమ్మం ఎటుందో ఎవరూ విచారించలేదు.

పాలు పొంగించుకోవడాన్ని, పొగ అలారానికి ప్లాస్టిక్ కవరు చుట్టి అల్యూమినియం ట్రేలో హోమం చేసుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అది సంతోషం. హోమం అయ్యాక ఆ కవరు తీయడం మరిచిపోకపోతే చాలు. తప్పంతా సంతకానికి ముందు జరిగేదాంట్లో ఉంది. లాట్ ప్రీమియంతో పోలిస్తే లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్ ఫీజు నామమాత్రం, కొన్ని వందల డాలర్లు. కొత్త ఇల్లయినా సరే పిలిపించండి. పన్ను రేటు కాగితం మీద రాయించుకోండి. మధ్యాహ్నం మూడింటికి కాకుండా సాయంత్రం ఆరింటికి వెళ్ళి హాల్లో పావుగంట నిలబడండి. అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫీమా వేసిన వరద మ్యాపు చూడాలంటే ఇంటి చిరునామా కొడితే చాలు, పైసా ఖర్చుండదు. అందులో ఉత్తరం ఎటో కూడా సరిగ్గానే వేసి ఉంటుంది.