సెడ్ సూత్రము – సటీకాతాత్పర్యము

మూలము: <[^>]*>

అవతారిక: వర్డు ఫైలును వెబ్ పేజీగా సేవ్ చేయగా మొలచిన ట్యాగుల నడుమ పద్యము కానరాక వగచు సంపాదకునకు ఒక ప్రోగ్రామరు మహానుభావుడు "ఒక్క లైను చాలండీ" అని ఈ సూత్రము ప్రసాదించి, సందేహమడుగులోపలనే అంతర్ధానమయ్యెను. క్లుప్తత వలని కీర్తి సూత్రకారునిది, పాట్లు వ్యాఖ్యాతవి.

ప్రతిపదార్థము: <, > స్పష్టములు. * అనగా సున్నసార్లు గాని, ఎన్నిసార్లయినను గాని. స్టీఫెన్ క్లేనీ పేర ప్రసిద్ధమైన తార యిది. దొరికినదానిని శూన్యముతో మార్చు పని సెడ్ ప్రోగ్రాముది. దానిని 1973–74లో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ రచించెను.

విశేషము: ఇక ^ అను టోపీ. చదరపు బ్రాకెట్టుకు వెలుపల నున్న యెడల లైను మొదలును సూచించును. లోపల తొలిస్థానమున నిలిచెనా, నిషేధార్థకము. ఈ నిషేధము పర్యుదాసమా, ప్రసజ్యప్రతిషేధమా? అబ్రాహ్మణుని తెమ్మనిన బ్రాహ్మణేతరుడగు మనుష్యుని తేవలెను గాని, ఊరకుండరాదు, మట్టిగడ్డ తేరాదు. ఇది పర్యుదాసము. అట్లే [^>] అనిన > కాని అక్షరమొకటి ఉండితీరవలెను, లేమి చాలదు. మరి ప్రసజ్యమెక్కడ? పెర్ల్ మున్నగు ప్రోగ్రామింగు భాషలయందలి (?!>) లో. అది "ఇచట > ఉండరాదు" అని శాసించి, ఒక్క అక్షరమునైనను మ్రింగక తప్పుకొనును. కావ్యవ్యాఖ్యాత కొలాచలము మల్లినాథసూరి నేడుండిన ఈ రెంటి భేదముపై ఒక పుట నింపియుండెడివాడు. మనకు ఆ పుట దక్కలేదు.

ఇంతకీ [^>]* కు బదులు .* అని వ్రాసిన నేమి? చుక్క అనగా ఏ అక్షరమైనను. కావున చుక్క-తార అత్యాశాపరురాలు. లైనులోని తొలి < మొదలు తుది > దాక, నడుమనున్న పద్యముతో సహా భుజించును.

పూర్వపక్షము: కావున ఈ సూత్రమే చాలును.

సిద్ధాంతము: చాలదు. సెడ్ ఒక్కొక్క లైనే చదువును. రెండు లైన్ల మీద పరచుకొన్న ట్యాగు దానికి చిక్కదు. స్టైల్ ట్యాగులు పోవును, వాని కడుపులోని రంగులు, కొలతలు మాత్రము పద్యము నెత్తిన వచ్చి పడును. నాలుగు పాదాలూ ఫైల్లో ఒకే వరుసలో ఉండి, మధ్య లైను విరుపు ట్యాగే వాటిని వేరు చేస్తుంటే, అదీ పోయి పద్యం వచనమౌతుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఫాంటు సంగతి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, చాలా ఏళ్ళపాటు మన వెబ్ పత్రికలు తలా ఒక సొంత ఫాంటుతో నడిచాయి. ఫైలులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. వాటిని ఏ ఫాంటులో చూస్తే తెలుగౌతుందో చెప్పేది చాలాసార్లు ఫాంటు ట్యాగు ఒక్కటే. చెత్త అని దాన్ని ఊడ్చేశాక, ఏ పట్టిక ప్రకారం యూనికోడ్‌లోకి మార్చాలో ఎవర్నడగాలి? అడిగితే మహానుభావుడు మళ్ళీ "ఒక్క లైనే కదండీ" అంటాడు. ఏది చెత్తో, ఏది సమాచారమో బ్రాకెట్టు చెప్పదు. ఫైలు తెరిచి చదివినవాడు చెప్పాలి. ఆ చదవడమే ఎవరికీ తీరదు.

తాత్పర్యము: ముందుగా ప్రతి తీసి దాచుకొని దానిపై ప్రయోగించువాడు మధ్యముడు. చదివి, పిదప ప్రయోగించువాడు ఉత్తముడు. హైఫన్-ఐ తగిలించి నేరుగా అసలు ఫైలు మీదనే ప్రయోగించువాడు మహానుభావుడు. వాని పిదప వ్యాఖ్యానము చేయుటకు మూలముండదు.