దుర్భేద్యం మన ఉదయగిరి

మళ్ళీ అనేశారు. ఉదయగిరి కోటను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దుతారట. ఎవరన్నారో, ఏ వేదిక మీద అన్నారో నేను చెప్పనక్కర్లేదు, మీరూ పేపరు చూసే ఉంటారు. నిరుటి పేపరు చూసినా ఫర్వాలేదు, మాటలు అవే.

నాకు ఒళ్ళు మండింది. కోటను కాపాడాల్సినవాళ్ళే శత్రువుకు తలుపులు తీస్తామనడమేమిటి? అసలు కోట కట్టేది ఎందుకు, బయటివాడు లోపలికి రాకుండా ఉండటానికేగా! ఆ లెక్కన గోల్కొండ ఎప్పుడో పడిపోయింది. టికెట్ కొన్న ప్రతివాడూ లోపలికి చొరబడి చప్పట్లు కొట్టి పోతున్నాడు. చంద్రగిరీ అంతే. ఉదయగిరి ఒక్కటే ఇంకా నిలబడి పోరాడుతోంది.

ఈ కోట గజపతుల చేతిలో ఉండగా ఒకసారి పడిన మాట నిజమే. 1513లో కృష్ణదేవరాయలు వచ్చి కొండ కింద కూర్చున్నాడు. లోపల పదివేల కాల్బలం, 400 గుర్రాలు ఉండేవనీ, తిండికి మాడిస్తే తప్ప లొంగే కోట కాదనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. పైకి దారి ఒక్కటే, అదీ మనిషి వెనక మనిషి నడిచేంత ఇరుకు. రాయలు ఏం చేశాడంటే, బండలు పగలగొట్టించి ఆ దారిని వెడల్పు చేయించాడు. చాలక ఇంకొన్ని దారులు వేయించాడు. ఏడాదిన్నరలో పని అయిపోయింది. టెండర్లు లేవు, అంచనాల సవరణ లేదు, శంకుస్థాపన రాయి కూడా లేదు. పగవాడు గనక రోడ్డు వేశాడు. మనవాళ్ళు అంత పని ఎందుకు చేస్తారు?

ఇప్పటి రక్షణ ఏర్పాట్లు చూస్తే గజపతి కూడా సిగ్గుపడతాడు. కొండ ఎత్తు 3,079 అడుగులు. పాత లెక్క ప్రకారం పైన ఎనిమిది, కింద అయిదు, వెరసి 13 దుర్గాలు. మన ఏలికలు వాటికి మరికొన్ని చేర్చారు. మొదటి బురుజు ఆత్మకూరు బస్టాండు. నెల్లూరు నుంచి బయల్దేరిన పర్యాటక సేనను అక్కడే నిలేస్తారు. “ఉదయగిరికా? ఆడేముందబ్బా చూసేదానికి?” జీతం లేని ఈ కావలివాళ్ళ ఒక్క ప్రశ్నతో సేన సగం వెనక్కి తిరుగుతుంది. మిగిలిన సగం ఎలాగో ఊళ్ళోకి చేరి, రంగనాయకుల గుడి చూసి, తలెత్తి కొండకేసి చూస్తుంది. అక్కడ కంపచెట్ల వ్యూహం. ఆ కంప కొట్టాలంటే పురావస్తు శాఖ అటవీ శాఖను చూపిస్తుంది, అటవీ శాఖ పర్యాటక శాఖను చూపిస్తుంది. ఈ ప్రాకారాన్ని ఏనుగులు కుమ్మినా బీట వారదు. దాన్నీ దాటి పైకెక్కిన మొండివాడికి ఆఖరి అస్త్రం దాహం. నూనిజ్ చెప్పిన పాఠాన్ని మనవాళ్ళు తిరగేశారన్నమాట: నీళ్ళు లేక దిగిపోవాల్సింది లోపలివాడు కాదు, ముట్టడించినవాడే.

అన్నట్టు, దారి లేనిది లోపలికే. బయటికి బోలెడు దారులు. దిలావర్‌భాయ్ వీధిలో చెక్కిన కొయ్య గరిటెలు భౌగోళిక గుర్తింపు తెచ్చుకుని ఊళ్ళు తిరుగుతున్నాయి. వానల్లేని ఏడు కుర్రాళ్ళు బెంగళూరు, చెన్నై బస్సులెక్కుతున్నారు. దేవుడైతే అందరికన్నా ముందే వెళ్ళిపోయాడు. రాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి, గుడి కట్టించి, 1515లో శాసనం వేయించాడు. ఆ గుడికి జనం దేశదేశాల నుంచి వస్తున్నారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి దేవుణ్ణి చూడాలనుకునేవాళ్ళు ఎగ్మూరులో దిగితే సరి, కొండ ఎక్కే పనే లేదు.

ఇంత కట్టుదిట్టంలోనూ ఒక్క సేన మాత్రం ఏ అడ్డూ లేకుండా పైకి పోతోంది. వాళ్ళకు రోడ్డు అక్కర్లేదు, గైడు అక్కర్లేదు, టార్చీ, గడ్డపార చాలు. గుప్తనిధుల పేరుతో గర్భగుళ్ళ కింద గోతులు తీస్తారు. ఏ శాఖ కంపా వాళ్ళకు గుచ్చుకోదు. పగలు సంచీలో నీళ్ళ సీసాతో వచ్చే బడిపిల్లకు లేని దారి, రాత్రి గడ్డపారతో వచ్చేవాడికి ఎలా దొరుకుతోంది? వేదిక మీద మైకు పట్టుకున్న పెద్దమనిషి దీనికి జవాబు చెప్పాలి. రాయలు పట్టుకుపోయిన విగ్రహం సంగతి శాసనంలో ఉంది. మీ హయాంలో పెకలించిన రాళ్ళ పట్టీ ఏ బీరువాలో ఉంది? తీర్చిదిద్దడం తర్వాత చూద్దాం. ముందు రాత్రి కాపలాకు ఇద్దరు మనుషుల్ని పెట్టండి, కొండ మీద ఏ గుడి ఎంత మిగిలిందో, ఏ మసీదు గోడ ఎంత నిలిచిందో మనిషిని పంపి రాయించండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఉదయగిరి పేరు మైకులో ఎత్తకండి.