పటధారి

ఆంగ్లదేశమున మాంచెస్టరు, షెఫీల్డు నగరముల నడుమ కొండలను తొలుచుకొని పోవు రైలుమార్గమున ఎడేలు అను చిన్న స్టేషను కలదు. ఆదివారము ఉదయమున అచ్చట దిగు జనములో కొండను చూడవచ్చినవారు కొందరు, ఎక్కవచ్చినవారు కొందరు; వీరితో కూడ దిగియు వీరితో ఏమాత్రమును కలియక, ప్లాటుఫారముమీదనే నిలిచి, బూట్ల త్రాళ్లు విప్పి మరల బిగించి, ఆకాశమువైపు ఒకమారు అవిశ్వాసముతోను, మెడలో వ్రేలాడు పటమువైపు ఒకమారు పరమవిశ్వాసముతోను చూచి, ఎవరికిని చెప్పక బయలుదేరు పెద్దమనిషి ఒకడు ప్రతివారమును ఉండును. ఇతడు కొండనెక్క వచ్చినాడనుకొనుట పొరపాటు. కొండమీది దారి తనకు న్యాయసిద్ధమైన హక్కని వారమునకొకమారు ఆ కొండకు జ్ఞాపకము చేయుటకు వచ్చినవాడు.

వయసు అరువది దాటియుండును. ఉద్యోగవిరమణానంతరము కొందరు పురాణకాలక్షేపమునకును, కొందరు వ్యాజ్యములకును దిగుదురు. ఇతడు ఈ రెంటిని కలిపి పాదచారియైనాడు. వీపున సంచి, సంచిలో తేనీటి ఫ్లాస్కు, అటుకుమీదనున్నను వాసన తెలియు జున్ను సాండువిచ్చి, ఆపత్కాలమునకు కెండలు పట్టణపు పుదీనా చక్కెరబిళ్ల. 1953లో ఎవరెస్టునకు పోయిన బిళ్లయే ఇదియనియు, ఎడేలుకు అది ఎక్కువేమియు కాదనియు అతడు తనంతట తానే చెప్పును.

పటము సంగతి వేరుగా చెప్పవలెను. సైన్యము అక్కరకై 1791లో మొదలైన ఆర్డ్నెన్సు సర్వే వారు, శత్రువు దిగినచో ఏ మిట్ట ఎక్కడనున్నదో తెలియవలెనని దేశమంతయు కొలిచిరి. శత్రువు రాలేదు, కొలతలు మిగిలినవి, వానిని ఇతడు కొనుక్కొన్నాడు. కిలోమీటరు నాలుగు సెంటిమీటర్లుగా కుదించిన ఆ కాగితముమీద ప్రతి రాతిగోడయు ఉండును. కాలిబాటలు పచ్చని తునకగీతలుగా నుండును. మన పురోహితుడు పంచాంగము చూడక గడప దాటనట్లు, ఇతడు పటము చూడక మలుపు తిరుగడు. ఎదుట దారి కన్నులకు కట్టినట్లున్నను, పటము ఔననిన తరువాతనే అది దారి. గంటకు మూడు మైళ్లును, ఎక్కిన ప్రతి రెండువేల అడుగులకు మరియొక గంటయు అని 1892లో నేయిస్మితు అను స్కాట్లండువాడు చెప్పిన సూత్రమును మననము చేసి, ప్రయాణకాలమును నిమిషములతో సహా నిర్ణయించును. ఆలస్యమైనచో తప్పు కొండది.

ఇతనితో నడచిన ఒక దినమున నాకీ ధర్మసూక్ష్మము బోధపడినది. పొలము నడుమనున్న దొడ్డివాకిటిలో పశువులు త్రొక్కి త్రొక్కి పేడయు బురదయు కలిసి చీలమండలోతు రొచ్చైయుండెను. పదియడుగుల ఆవల పచ్చిక పొడిగానున్నది. నడచినవారి అడుగులచే అచ్చట బాట కూడ పడినది. గోడమీద మోచేతులానించిన రైతు, "అయ్యా, ఆ ప్రక్కగా పొండి, అటు పొడిగా ఉన్నది" అని మర్యాదగానే అనెను. మనవాడు పటమునొకమారు చూచి, "మీ దయకు కృతజ్ఞుడను. కాని దారి ఇది" అని, తునకగీత పోయినంతమేర రొచ్చులోనే పోయెను. రైతు నావైపు చూచెను. నేను పచ్చికవైపు చూచితిని. కాని అప్పటికే అతడు ఆవలిగట్టున నిలిచి, "ఒక సంవత్సరము విడిచితిమా, మరునాడు ఇచ్చట తలుపు వేయుదురు" అని చరిత్రోపన్యాసమునకు ఉపక్రమించుటచే, నేను హక్కులను సంరక్షింపక తప్పినది కాదు.

ఆ చరిత్రలో పసలేకపోలేదు. కిండరు స్కౌటు అను ఆ ఉన్నతభూమి ఒకప్పుడు దొరల వేటకొరకు మూసిపెట్టబడియుండెను. సంవత్సరమునకు కొలదిదినములు గ్రౌసుపిట్టలను కాల్చుటకై, తక్కిన దినములన్నియు మిల్లు కూలీలను రానీయక కాపలావారిని నిలిపిరి. 1932 ఏప్రిలు 24వ తేదీన బెన్నీ రాత్‌మను అను ఇరువదేండ్ల యువకుడు ముందు నడువగా, కొన్ని వందలమంది శ్రామికులు హేఫీల్డు వైపునుండి కట్టుగా కొండనెక్కిరి. కాపలావారితో పెనుగులాట జరిగినది. ఐదుగురు చెరసాలకు పోయిరి. ఆ కలకలము తరువాత 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చినది. 1951లో ఈ పీకు ప్రాంతమే దేశమున ప్రథమ జాతీయోద్యానమైనది. ఈ కథ చెప్పునప్పుడు మన పెద్దమనిషి తాను పుట్టకముందరి సంఘటనను "మనము ఎక్కితిమి, మనలను పట్టుకొనిరి" అని ఉత్తమపురుష బహువచనమున చెప్పును. పాపము, ఇప్పుడతనిని అడ్డగించువారెవ్వరును లేరు. గ్రౌసుపిట్ట మాత్రము హీథరు పొదనుండి లేచి, "పో వెనుకకు, పో వెనుకకు" అన్నట్లు అరచును. ఆ మాత్రపు ప్రతిఘటనయైనను దొరికినందులకు అతని ముఖము వికసించును.

దక్షిణమున మామ్ టారు కొండచరియ జారి జారి, దానిక్రింది మోటారు రోడ్డు 1979లో మూతపడుట, ప్రకృతి తన పక్షమున ఇచ్చిన తీర్పని అతని అభిప్రాయము.

జేకబు నిచ్చెన అను రాతిమెట్లమీదుగా పైకి చేరునప్పటికి మబ్బు క్రమ్మి చినుకులు పడుచుండెను. "వాన" అంటిని. "వాన కాదు, తేమ" అని సవరించెను. తేమ మా చొక్కాలను దాటి లోనికి పోయినది. పైన శిఖరమేదియు లేదు. మైళ్లకొలది పరచుకొన్న పీటు అను నల్లని తడినేల. వానలు దానిని మనిషిలోతు కాలువలుగా చీల్చినవి. కాలువలో దిగినవానికి ఆకాశము తప్ప ఏమియు కానరాదు. ఆనాడు అదియు లేదు. ఊబి దాటుటకు పూర్వపు నూలుమిల్లుల రాతిపలకలను తెచ్చి ఈ కొండలలో పలుచోట్ల పరచియున్నారు. మిల్లులో నిలిచినవారి మనుమలు ఆ రాళ్లమీదనే షికారు పోవుచుండుట నాకు మనోహరముగా తోచినది. అతనికి మాత్రము అది దిగబడు స్వేచ్ఛకు భంగము.

కిండరు లో అను చోట సర్వేవారి స్తంభమొకటి ఉన్నది. ఆ చోటి ఎత్తు 633 మీటర్లు. వచ్చినవారెల్లరు దానిని తాకి, ఫొటోలు తీయించుకొని, కృతార్థులై మరలుదురు. ఇతడు తాకడు. ఏలయన నిజమైన అత్యున్నతస్థానము 636 మీటర్లు; అది ఆవల, పీటునేల నడుమ, ప్రక్కనున్న బురదకును దానికిని ఏమియు భేదము కానరానిచోట ఉన్నది. ఆ మూడు మీటర్లకొరకు పొగమంచులో దిక్సూచి పట్టుకొని, పడుచు లేచుచు పోయితిమి. ఒకచోట నిలిచి, దిక్సూచిని చూచి, రెండడుగులు ఎడమకు జరిగి, మడమతో నేలను పరీక్షించి, "ఇప్పుడు డార్బీషైరులో మనకంటె ఎత్తున ఉన్నవాడు లేడు" అని ప్రకటించెను. అతడప్పటికి మోకాళ్లవరకు దిగబడియుండుటచే, ప్రక్కన గట్టినేలను నిలిచిన నా విషయమున ఆ మాట పూర్తిగా సత్యము కాదు; చెప్పుటకు మనసొప్పలేదు.

ఎడేలులో ఓల్డు నాగ్స్ హెడ్ అను మద్యశాల కలదు, 1577 నాటిదందురు. పెన్నైను మార్గము అచ్చట మొదలై, 268 మైళ్లు ఉత్తరముగా పోయి, స్కాట్లండులో కర్క్ యెథము గ్రామమున ముగియును. ఆ మార్గము పూర్తిగా తెరవబడిన దినము 1965 ఏప్రిలు 24 అగుట అతనికి తిథి కలిసినంత సంతోషము. మార్గదర్శిని వ్రాసిన వెయిన్‌రైటు, నడక ముగించినవారికి కర్క్ యెథము హోటలులో తన ఖర్చున బీరు ఇప్పించుచుండెను. మన పెద్దమనిషి ఆ మార్గమున తొలి మజిలీని ఎన్నిమారులు నడచెనో లెక్కలేదు. రెండవ మజిలీకి ఏటేట ఏదో ఒక విఘ్నము: మోకాలు, మనుమని పుట్టినరోజు, బూట్ల అడుగు ఊడుట.

ఆ సాయంకాలము బురదకాళ్లతో లోనికి పోయి, బల్లమీద పటము పరచి, అర పైంటు బీరు తెప్పించుకొనెను. "అది నడక ముగించినవారికి గదా?" అంటిని. అతడు పటమును నావైపు త్రిప్పి, తడివేలిని కర్క్ యెథమునుండి దక్షిణముగా ఎడేలువరకు మెల్లగా జార్చి, "అటునుండి వచ్చువారికి ముగింపు ఇదే" అని, గ్లాసెత్తెను.