రోడ్డు పక్క బోర్డులు రాయించే అధికారి గారికి

మహారాజశ్రీ బోర్డుల అధికారి గారి దివ్యసముఖమునకు,

నంద్యాల నుంచి ఒక తెలుగు టీచరు చేసుకునే విన్నపం. తమరి పేరు నాకు తెలీదు. ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో, ఏ ఫ్యాను కింద కూర్చుంటారో కూడా తెలీదు. కానీ తమరి రచనలన్నీ చదివాను. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి పొడుగునా ఉన్నవి తమరి రచనలే కదా. నిదానమే ప్రధానమన్నా, అతివేగం ప్రమాదకరమన్నా అవి మీ మాటలే. తెలుగులో ఇంతమంది చదివే రచయిత ఇంకొకరు లేరు. అదీ గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో చదువుతారు.

ఇంటి దగ్గర భార్యాబిడ్డలు ఎదురుచూస్తున్నారు, జాగ్రత్తగా పొమ్మని చెప్పే బోర్డు ఒకటి రాయించారు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు బుల్లెట్ పక్కకు తీసి, హెల్మెట్ అద్దం పైకెత్తి మళ్లీ చదివాను. అలవాటు కొద్దీ అక్షరదోషాలు వెతికాను. లేవు. దోషమల్లా నాకు భార్య లేకపోవడమే. భర్త ఉన్నాడు. ఆయన నిజంగానే ఎదురుచూస్తుంటాడు, గ్యాసు బుక్కు ఎక్కడ పెట్టానో అడగడానికి. పాపం, మీ బోర్డులో ఆయనకు చోటు లేదు.

మీరొక్కరే ఇలా రాశారని అనను. లడాఖ్ వైపు కొండదారుల్లో సరిహద్దు రహదారుల సంస్థ వాళ్లు పెట్టిన బోర్డులు చమత్కారానికి పేరు మోసినవి. పెళ్లయినవాడివైతే వేగానికి విడాకులిమ్మంటుంది ఒకటి. కబుర్లు కట్టిపెట్టి ఆయన్ని బండి నడపనివ్వమంటుంది ఇంకొకటి. ఊపిరాడని ఎత్తులో కూడా మేము పక్కన కూర్చుని వాగుతూనే ఉంటామన్నమాట! ఇక రోడ్డు పనులు జరుగుతున్నాయని చెప్పే ఎర్ర ముక్కోణం బోర్డులో పార పట్టుకుని ఒక మగమనిషి వంగి ఉంటాడు. అదే బోర్డు పక్కన, మా ఎండల్లో, తలగుడ్డ చుట్టుకుని కంకర గంపలు మోసేది ఎవరో ఒకసారి కారు అద్దం దించి చూడండి.

చట్టం సంగతీ అంతే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వది చూడండి. మోటారు సైకిలుకు వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి పిడి ఉండాలట, కాళ్లు పెట్టుకోవడానికి మెట్టు ఉండాలట, వాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలట. ఆ అడ్డునే మనం శారీ గార్డు అంటాం. మంచి నిబంధనే. ఎన్ని కొంగుల్ని, ఎన్ని ప్రాణాల్ని కాపాడిందో. దాన్ని తప్పుపట్టడానికి రాయడంలేదు. అది రాసినాయన కళ్లముందు చీర వెనక సీటు మీదే కూర్చుని ఉందని మాత్రం మనవి చేస్తున్నాను. ఇప్పుడు నా బండి వెనక సీటు మీద కూర్చునేది నా సంచి. దాని తాడు కొక్కేలు తగిలించుకునేది ఆ శారీ గార్డుకే. ఆ నిబంధన రాసినాయనకు ఈ లేఖ ద్వారా నా ధన్యవాదాలు అందజేయగలరు.

సంచి ఎందుకంటారా? ఎండాకాలం సెలవుల్లో శ్రీనగర్ పోవాలని. మా ఊరి నుంచి కర్నూలు చేరితే చాలు, 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. అక్కడ ఒకవైపు తిరిగితే కన్యాకుమారి, ఇంకోవైపు తిరిగితే శ్రీనగర్. దేశంలో అన్నిటికంటే పొడుగైన రహదారి మా గడప దగ్గరే పోతుంటే తాడిపత్రిలో పెళ్లికి తప్ప బయటికి కదలకపోవడం అన్యాయం కదా.

స్టాఫ్‌రూములో ఈ మాట చెబితే, "ఆడవాళ్లు ఎవరైనా పోయినారా ఇట్లా?" అన్నారు. పోయినారు. 2014లో రోష్నీ శర్మ కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఒంటరిగా బైకు మీద పోయింది. మన హైదరాబాదు అమ్మాయి సనా ఇక్బాల్ 2015లో బయల్దేరి, ఆత్మహత్యలు వద్దని కాలేజీల్లో పిల్లలకు చెబుతూ దేశమంతా ఒక్కతే తిరిగింది. జై భారతి అని హైదరాబాదులో ఒక ఆర్కిటెక్టు ఉన్నారు. 2018లో ఆమె, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు హైదరాబాదు నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా పోయి వచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, 17,000 కిలోమీటర్లు. తర్వాత 2021లో ఆమె ఒక్కతే నలభై రోజుల్లో 11,000 కిలోమీటర్లకు పైగా దేశంలో తిరిగింది, ఆడవాళ్లు బండి నేర్చుకుంటే బతుకుతెరువు దొరుకుతుందని ఊరూరా చెప్పడానికి. మోవో అనే సంస్థ పెట్టి ఆడవాళ్లకు టూవీలర్లు, ఆటోలు నేర్పిస్తోంది కూడా. వందేళ్ల కిందటి మాట కావాలన్నా ఉంది. 1916లో అమెరికాలో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్లు ఇద్దరు రెండు బైకుల మీద ఆ దేశాన్ని ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి దాటారు. దారిలో పోలీసులు పట్టుకున్నారు. వేగానికి కాదు, మగాళ్లలా ప్యాంట్లు వేసుకున్నందుకు. వాళ్లు నడిపిన బండి కంపెనీ పేరు 'ఇండియన్'. మా స్టాఫ్‌రూమును ఈ ముక్క ఒక్కటే కాస్త కదిలించింది.

ప్రయాణానికి ముందు చెయ్యి తిరగాలి కాబట్టి ఆదివారం పూట ఆళ్లగడ్డ దాకా పోయి వస్తుంటాను. దారిలో సిరివెళ్ల మెట్ట దగ్గర టీకి ఆగుతాను. అక్కడ మీరు రాయించని బోర్డు ఒకటుంది. మనుషుల నోట్లో ఉంటుంది. "ఒక్కదానివేనా?" అని. మగాళ్లు అడిగితే అందులో సగం విచారణ, సగం ఆరోపణ. ఒక అవ్వ అడిగింది చూడండి, అదీ అడగడమంటే.

"ఏం పాపా, ఒగదానివే వచ్చినావా?"

"అవునవ్వా."

"ఇంత బండి, కిందపడితే ఎవురు లేపుతారు మే?"

నా బండి బరువు ఖాళీగా ఉన్నప్పుడే 195 కిలోలు. టీకొట్టు ముందు మట్టిలో దాన్ని మెల్లగా పడుకోబెట్టి చూపించాను. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి గొంతుక్కూర్చోవాలి. ఒక చెయ్యి హ్యాండిల్ పిడి మీద, ఇంకో చెయ్యి వెనక కమ్మీ మీద. నడుముతో ఎత్తితే నడుం పోతుంది. కాళ్లతో నేలను తంతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. లేస్తుంది. అవ్వ "సెబాసు" అని టీ డబ్బులు తానిచ్చింది. ఇంతకీ నేను పట్టుకున్న ఆ వెనక కమ్మీ ఏదనుకున్నారు? 123వ నిబంధనలో వెనక కూర్చునేవాళ్ల కోసం పెట్టమన్న పిడే.

ఒంటరి ప్రయాణం మా సీమకు కొత్తదేమీ కాదు. అహోబిలం స్వామి ఏం చేస్తాడు? సంక్రాంతి పోగానే పారువేటకని పల్లకి ఎక్కి కొండ దిగుతాడు. నలభై రోజుల పైచిలుకు, ముప్పైకి పైగా ఊళ్లు. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికట. పెళ్లికూతురు పుట్టింట్లో, పెళ్లికొడుకు రోడ్డు మీద. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఆయన ఏ పూట ఎక్కడ దిగుతాడో, ఎవరింట నైవేద్యమో, పల్లకి ఎవరు మోస్తారో ముందే తెలుసు. దేవుడు కాబట్టి జరిగిందని కాదు. తాతల నాటి నుంచి దారి పొడుగునా మజిలీలు ఏర్పాటు చేశారు కాబట్టి జరుగుతోంది. నేను అడిగేదీ అదే. పల్లకి అక్కర్లేదు, మజిలీ కావాలి.

ఆ మజిలీ సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న ముక్క. పెట్రోలు బంకు ముందు 'టాయిలెట్ కలదు' అని బోర్డుంటుంది. లోపలికి పోతే ఆడవాళ్ల తలుపుకు తాళం. తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు భోజనానికి. ఏ బంకు అని అడగకండి, ఒకటైతే పేరు చెప్పేదాన్నే. బైకులకు టోలు లేదు కదా, మళ్లీ సౌకర్యాలు కూడానా అంటారేమో. లీటరు పెట్రోలు మీద రోడ్డు సెస్సు కడుతున్నాను సార్. ఆ లెక్కన నాలుగు చక్రాల ఆయనకెంత హక్కుందో నాకూ అంతే.

ఇక అసలు విన్నపం. నవ్వులు పక్కనపెట్టి రాస్తున్నాను.

కోతల కాలంలో మా రోడ్డే మా కల్లం. కేసీ కాలువ కింద పండిన వడ్లు, మొక్కజొన్న తారు మీద ఆరబోస్తారు. అంచున బండలు వరుసగా పెడతారు. పొద్దు గుంకితే కుప్ప చేసి నల్లపట్ట కప్పి, దాని మీద మళ్లీ రాళ్లు. నల్లరోడ్డు మీద నల్లపట్ట. హెడ్‌లైటు వెలుగులో అది కనబడేసరికి మీకు దానికి మధ్య పది గజాలు కూడా ఉండదు. కారు గింజల మీద జారితే నాలుగు చక్రాల్లో ఏదో ఒకటి పట్టుకోవచ్చు. నాకున్నవి రెండే. 2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగొస్తున్న ఎమ్మెల్యే భూమా శోభా నాగిరెడ్డి గారి కారు, రోడ్డు మీద పోసిన ధాన్యం కుప్పను తప్పించబోయి ఈ దారిలోనే బోల్తాపడింది. మరునాడు ఆమె కన్నుమూశారు. తర్వాత రెండు వారాలకు పోలింగు. ఆళ్లగడ్డ ఓటర్లు బతికిలేని ఆమెనే గెలిపించారు.

అంతటి మనిషి పోయిన దారిలో ఇప్పటికీ వడ్లు ఆరుతూనే ఉన్నాయి. రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. తేమ ఎక్కువుందని వ్యాపారి క్వింటాలుకు ధర తెగ్గోస్తుంటే, ఊళ్లో సిమెంటు కల్లం లేకపోతే, ఆయన మాత్రం ఎక్కడికి పోతాడు? గిద్దలూరు పోయే నల్లమల దారిలో అడవి జంతువులు రోడ్డు దాటుతాయని రాయించారు, సంతోషం. మా దారిలో వడ్లు రోడ్డు మీదే కాపురముంటాయి. వాటికీ ఒక బోర్డు కావాలి. బోర్డుతో పాటు ఊరికో కల్లం కూడా ఇప్పిస్తే, బోర్డు నేనే పీకి మీకు అప్పజెబుతాను.

రేకు బోర్డయితే రెండు వానలకే తుప్పు పడుతుంది. అందుకని ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి పోయాను. రోడ్డు పక్కనే వాళ్ల పాకలు. సగం చెక్కిన నల్లరాతి దేవుళ్లు, ఇంకా ముక్కు తేలని నాయకులు దుమ్ములో వరుసగా నిలబడి ఉంటారు. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది కాబట్టి నాణ్యత గురించి మీరు ఆలోచించనక్కర్లేదు. నా బోర్డు మాట చెప్పాను. రాత్రిపూట బైకు మీద పోయేవాళ్లకు ముందు వడ్ల కుప్ప ఉందని చెప్పాలి, నడిపేది ఎవరైనా సరే వర్తించాలి, భార్యాబిడ్డల ప్రస్తావన ఉండకూడదు. శిల్పి ఉలి పక్కన పెట్టి రాయి కొలత అడిగాడు, అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు, ఒక పక్క బైకు బొమ్మ కూడా చెక్కుతానన్నాడు. ఎక్కేది ఆడమనిషి అయితే జడ పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, హెల్మెట్ లోపల కనబడదులే అని తానే తేల్చుకున్నాడు.

చివరికి, "బిల్లు ఎవురి పేరు మీద రాయాల మేడం?" అన్నాడు.

తమరి పేరు మీదే రాయమన్నాను.

ఇట్లు,
తమరి నిత్య పాఠకురాలు,
నంద్యాల