మేము, మనం: ఒక తరగతి వెబ్‌సైట్ కథ

కొత్త విషయాన్ని గురువు వివరించే భాగాన్ని ఇంటికి పంపి, ఇంటిపనిగా మిగిలిపోయే అభ్యాసాన్ని గురువు సమక్షంలోకి తెచ్చే పద్ధతిని ఫ్లిప్డ్ టీచింగ్ అంటారు. తెలుగులో దీన్ని తిరగేసిన బోధన అనవచ్చు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వుడ్‌లాండ్ పార్క్ ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పిన జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ 2007లో, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలను రికార్డు చేయడం మొదలుపెట్టి, క్రమంగా తరగతి తీరునే మార్చివేశారు. ఈ కథలోని వెబ్‌సైట్ ఆ వంశానిదే అయినా, అది పుట్టింది మాత్రం 2013లో, టెక్సాస్‌లోని ప్లేనోలో ఆదివారాలు రెండు గంటలపాటు నడిచే ఒక తెలుగు తరగతి కోసం.

దాని పుట్టుకకు కారణం ఒక చిన్న లెక్క. రెండు గంటల్లో ఒక గంట వివరణకే పోతే, మిగిలిన గంటను పద్నాలుగు మంది పిల్లలకు సమంగా పంచినా ఒక్కొక్కరికి మాట్లాడే వంతు నాలుగు నిమిషాల పైచిలుకే వస్తుంది. వారమంతా ఇంగ్లీషులోనే గడిపే పిల్లలకు ఆ నాలుగు నిమిషాలతో తెలుగు నోట నిలవడం అసాధ్యం. వివరణ ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి వినగలిగినది కాబట్టి దాన్ని సైటుకు అప్పగించవచ్చు గాని, సంభాషణకు మాత్రం ఎదుట మరో మనిషి ఉండి తీరాలి.

బాల్యం సాఫీగా సాగలేదు. ఆనాటి చాలా ఫోన్లు తెలుగు అక్షరాలను ఖాళీ డబ్బాలుగా చూపించేవి కనుక ఉపాధ్యాయురాలు పాఠాలను బొమ్మలుగా మార్చి పెట్టవలసి వచ్చింది. ఉచ్చారణ వినిపించే మీటలు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినందువల్ల, 2020 డిసెంబరు 31తో దాని నిర్వహణ ముగిశాక, ల-ళ, న-ణ భేదాలు వినిపించిన గొంతులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. వాటిని ఒక్కొక్కటిగా ఎమ్‌పీ3 ఫైళ్లుగా మార్చి తిరిగి ఎక్కించడానికి ఒక చలికాలమంతా పట్టింది. అంతకన్నా పెద్ద లోపం తొలి వీడియోల నిడివిలో ఉండేది. ఇరవై ఐదు నిమిషాల ఉపన్యాసాన్ని ఇంటికి తరలించినంత మాత్రాన బోధన తిరగబడదు, ఉపన్యాసం చోటు మారుతుంది, అంతే. వీడియోను అయిదారు నిమిషాలకు కుదించి, చివర ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబును పిల్లలు తమ గొంతుతో రికార్డు చేసి పంపేలా మార్చినప్పటి నుంచే సైటు తరగతికి నిజంగా అక్కరకు వచ్చింది. శనివారం రాత్రి ఆ జవాబులు విన్న ఉపాధ్యాయురాలికి, మరునాడు ఎవరిని ఎవరితో జతగా కూర్చోబెట్టాలో ముందే తెలిసేది.

‘మేము’, ‘మనం’ అనే పాఠం ఇందుకు చక్కని ఉదాహరణ. వినేవారిని కలుపుకొనేది ‘మనం’, వినేవారిని మినహాయించేది ‘మేము’. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే సర్వనామం ఉన్నందున పిల్లలకు ఈ భేదం సులభంగా అందదు. సూత్రం నాలుగు నిమిషాల వీడియోలో ఇమిడిపోతుంది. ఆదివారం తరగతిలో మాత్రం సైటు తెర మూసి ఉంటుంది. పిల్లలు రెండు జట్లుగా చేరి, వంటల జాబితా చేతబట్టుకొని, ఏవి తమ జట్టు తెస్తుందో, ఏవి అందరూ కలిసి వండాలో ఎదుటి జట్టుతో బేరమాడతారు; “పులిహోర మేము తెస్తాం, పాయసం మనం చేద్దాం” అనే మాట నోట పలకనిదే బేరం కుదరదు. వ్యాకరణం అవసరంగా మారేది ఇటువంటి చోటే.

ఆ పాఠం పుటలో ఇప్పుడు ఉపాధ్యాయురాలి వీడియో కన్నా ముందు ఒక పిల్ల పంపిన రికార్డింగు ఉంది. ఒంగోలు నుంచి వచ్చిన అమ్మమ్మతో ఆ పిల్ల, తీసుకువెళ్లాలన్న ఉద్దేశంతోనే, “రేపు మేము గుడికి వెళ్తున్నాం” అంటుంది, క్షణం ఆగి అమ్మమ్మ, “అయితే అమ్మమ్మకు పిలుపు లేదా తల్లీ?” అని అడుగుతుంది, పిల్ల నవ్వి, “మనం, మనం!” అని దిద్దుకొంటుంది. ఏమీ కత్తిరించకుండా, వెనుక వినిపించే కుక్కరు కూతతో సహా ఉంచిన ఆ నలభై సెకన్లనే ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లలు ఇంటి దగ్గర మొదట వింటున్నారు.