జామచెట్టు కింది గండుచీమలకు

మా పెరటి జామచెట్టు మొదట్లో కాపురమున్న గండుచీమలకు,

ఎండాకాలం వచ్చినప్పటినుంచి నా వంటింట్లో తీపి వస్తువన్నది మీ కంట పడకుండా దాచలేకపోయాను. బెల్లం డబ్బా మూత బిగించినా దూరారు. పాకం పట్టిన గిన్నె కడిగేలోపే చుట్టుముట్టారు. రాత్రి లైటు ఆర్పితే చాలు, గట్టు మీద బారు కడతారు. చంటిదాని పాలగ్లాసు అంచున మీలో ఒకరు కనబడిన రోజు నేరుగా వెళ్ళి చీమలమందు చాక్‌పీసు కొనుక్కొచ్చాను. అది ఇంకా అలమరలోనే ఉంది. ఎందుకు గీయలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ సాయంత్రమే, చచ్చిన తోటిచీమను నోట కరుచుకుని పోతున్న ఒకరిని చూశాను. పుట్టలోకి కాదు, పుట్టకు దూరంగా. వెంట వెళ్ళి చూస్తే ప్రహరీ మూలన ఎండిపోయిన శవాలు చిన్న కుప్పగా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఆ మూల ఊడుస్తున్నా, అది మీ వల్లకాడని నాకు తట్టలేదు.

అప్పటినుంచి మీ గురించి చదువుతున్నాను. చీమ చచ్చాక ఒంట్లో ఓలియిక్ ఆమ్లం పేరుకుంటుందనీ, ఆ వాసనే శవమన్న కబురనీ అమెరికాలో శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1958లోనే చూపించాడు. బతికున్న చీమకు ఆ ఆమ్లం పూస్తే, అది కాళ్ళు తన్నుకుంటున్నా అక్కచెల్లెళ్ళు ఎత్తుకెళ్ళి శవాల కుప్పలో పడేశాయి. ఒళ్ళంతా శుభ్రం చేసుకునేదాకా దానికి పుట్టలో చోటు దొరకలేదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకో మీ ఇల్లు తలుచుకుంటే తెలుస్తుంది. చీకటి, తేమ, ఒకే తల్లి బిడ్డలు, ఒకరి నోటి తిండి ఇంకొకరి నోటికి. అంటురోగానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. మట్టిలో మెటారైజియం అనే బూజు ఉంటుంది. కొబ్బరి రైతులు కొమ్ముపురుగును చంపడానికి పెంటదిబ్బల్లో కలిపేది దాన్నే. దాని బీజాలు పురుగు ఒంటికి అంటుకుని, చర్మం తొలుచుకుని లోపలికి దిగుతాయి. మేత కోసం మట్టిలో తిరిగే మీకు అది ఎప్పుడైనా అంటుకోవచ్చు.

ఆస్ట్రియాలో సిల్వియా క్రెమర్, స్విట్జర్లాండ్‌లో లోరాన్ కెల్లర్ పరిశోధక బృందాలు కలిసి తోట నల్లచీమల వీపుల మీద చిన్న చిన్న గుర్తుచీటీలు అంటించి, కొన్నిటికి ఆ బూజు బీజాలు పూసి, కెమెరాలతో ప్రతి కదలికా పట్టాయి. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. బీజాలు అంటిన మేతచీమలు పుట్ట బయటే ఎక్కువసేపు గడిపాయి. అంటని చీమలు కూడా తమ రాకపోకలు మార్చుకున్నాయి. రాణికీ, పిల్లలను సాకే దాదులకూ పెద్ద మోతాదు చేరలేదు. ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. ఇంకా జబ్బు పడకముందే ఇదంతా జరిగింది. 2020లో, కరోనా రోజుల్లో, జ్వరం ఉందని చెప్పుకోవడానికే మేమెంత భయపడ్డామో గుర్తొచ్చి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

కానీ నన్ను పూర్తిగా మీ వైపు తిప్పింది ఫ్లోరిడాలోని మీ దగ్గరి చుట్టాల కథ. చాలా చీమలకు రొమ్ము వెనకభాగంలో సూక్ష్మజీవులను చంపే మందు ఊరే గ్రంథి ఉంటుంది. మీ జాతిలో చాలామందికి అది లేదు. మరి గాయమైతే? ఎరిక్ ఫ్రాంక్ బృందం 2024లో ప్రకటించింది ఇది. తొడ భాగంలో గాయమైన చీమ తన కాలు ముందుకు చాపుతుంది. తోటిచీమ ముందు గాయాన్ని నాకి, తర్వాత పైకి వెళ్ళి, మొదలంటా ఆ కాలు కొరికేస్తుంది. అందుకు కనీసం నలభై నిమిషాలు పడుతుంది. గాయపడ్డ చీమ కదలదు, పారిపోదు. అలా కాలు తీసినవాటిలో నూటికి 90కి పైగా బతికాయి. తీయకుండా వదిలేసినవాటిలో 40 కూడా దక్కలేదు. అదే గాయం కాలి కింది భాగంలో అయితే కొరకవు, నాకి నాకి శుభ్రం చేస్తాయంతే. అక్కడ కండ తక్కువ, ఒంట్లోని ద్రవం వేగంగా పారుతుంది, కాలు తెగేలోపే విషక్రిములు పైకి పాకిపోతాయి. ఏ గాయానికి కోత, ఏ గాయానికి కాదు అన్న విచక్షణ ఒక చీమకు ఉంది! మా ఇంట్లో షుగరు పుండుతో కాలు పోగొట్టుకున్న మనిషిని చూసినదాన్ని. ఆ నలభై నిమిషాల విలువ నాకు తెలుసు.

ఆ చుట్టాలదే ఇంకో పని. ఏదైనా తాగాక నడుం వంచి, కడుపు చివర ఊరే ఫార్మిక్ ఆమ్లాన్ని తామే నాకి మింగుతాయి. తొలి పొట్టలోని తిండి పుల్లబడి క్రిములు చస్తాయి. ఆ తిండే తర్వాత పక్కవారి నోటికి వెళుతుంది. మీరు కరిస్తే నేను తిట్టుకున్న మంట, మీ ఇంట్లో మందు.

అయితే మీవన్నీ నాకు నచ్చాయని అనను. మీ దూరపు చుట్టాల్లో నయంకాని రోగం పట్టిన ప్యూపా, అంటే పట్టుగూటిలో ఎదుగుతున్న పిల్లచీమ, గూడు విడిచి కదలలేదు కాబట్టి, తన ఒంటి వాసన మార్చుకుని కబురు పెడుతుంది. పనిచీమలు వచ్చి గూడు చించి, కొరికి, ఆమ్లం నింపుతాయి. బూజూ చస్తుంది, బిడ్డా చస్తుంది. దగ్గర పనిచీమలు ఉంటేనే ఆ వాసన వెలువడుతుందని 2025లో తేల్చారు. రాణులు కాబోయే ప్యూపాలు మాత్రం ఆ కబురు పెట్టవు, వాటికి రోగాన్ని తట్టుకునే శక్తి ఎక్కువ. మీకు పుట్టంతా ఒకే ఒళ్ళు కావచ్చు, మాకు కాదు. మనుషుల్లో రోగిష్టిని బరువనుకున్న రోజులు మా చరిత్రలో ఉన్నాయి, అవి నీచమైన రోజులు. ఈ ఒక్క విషయంలో మీ దారి మాది కాకూడదు.

నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. ఫారో చీమలనే మీ బుల్లి చుట్టాలు ఆసుపత్రుల్లో తిరిగి రోగక్రిములు మోసుకుపోయినట్టు రుజువులున్నాయి. మీ పుట్టను మీరు కాపాడుకున్నట్టే నా చంటిదాని గ్లాసును నేను కాపాడుకోవాలి.

అందుకని ఇలా చేద్దాం. రేపటినుంచి బెల్లం డబ్బా నీళ్ళ పళ్ళెంలో ఉంటుంది. గట్టు వెనక కన్నం ఆదివారం సిమెంటుతో పూడుస్తాను. జామచెట్టు కొమ్మలకు పిండినల్లి పట్టి ఉంది, దాని తీపి మీకు చాలినంత దొరుకుతుంది. మా నాయనమ్మ వాకిట్లో బియ్యప్పిండితోనే ముగ్గు వేసేది, చీమలు తినాలని. నేనూ మళ్ళీ ఆ పిండే వాడతాను. చాక్‌పీసు గీయను. ప్రహరీ మూల ఊడ్వను.

మీరు గుమ్మం దాటి లోపలికి రాకండి.

ఇట్లు,
జామచెట్టు ఇంటావిడ