టీచరుగారి బండి

‘సింగిల్ హ్యాండ్ అన్నా, టీచరు వాడిన బండి’ అంటారు ఆదోనిలో. సీమలో పాత బండ్లన్నీ టీచర్లవే. బడి మొహం చూసినవే తక్కువ. అలాంటిదొకటి కొని, హ్యాండిల్‌కు నిమ్మకాయలు కట్టి పూజకని మంత్రాలయం చేరేసరికి సైలెన్సర్లోంచి నీలి పొగ! పిస్టన్ రింగులరిగి ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నమాట. అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోసి ఆ పొగనూ, లోపలి లొడలొడనూ నాలుగు రోజులు నిద్రపుచ్చడం ఓ కళ. మీటరు సరేసరి, లోకంలో వయసు తగ్గేది దానికొక్కదానికే. 1671లో మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి కోరికలు తీరుస్తారని భక్తుల నమ్మకం. సిలిండర్ బోరింగ్ మాత్రం మెకానిక్కే చెయ్యాలి. డబ్బు వాపసు అడుగుదామంటే అమ్మినాయన ఫోను స్విచాఫ్. బండి పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలైనా పెట్టకుండా మాయమయ్యాడు. చలాన్లన్నీ ఇంకా ఆయన పేరుకే పోతున్నాయి, పాపం!